కొత్త కెర్నెల్ దిగింది సరే, కంప్యూటర్ దేనితో లేవాలి?

తిరుపతి బాలాజీ కాలనీలో మా బావమరిదికి జిరాక్స్ దుకాణం ఉంది. అందులో రెండు కంప్యూటర్లు, రెండింటిలోనూ ఉబుంటూ (లినక్స్‌లో ఒక రకం). కౌన్సెలింగ్ రోజుల్లో ఒకనాడు పొద్దున్నే ఫోను చేశాడు: "బావా, రాత్రి బాగానే ఆపి వెళ్లాను. ఇప్పుడు చూస్తే వైఫై లేదు. బయట పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడ్డారు."

వెళ్లి, నడుస్తున్న కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే ఉబుంటూ గుండెకాయ) ఏదో చెప్పే 'యూనేమ్ -ఆర్' ఆజ్ఞ టెర్మినల్‌లో కొట్టగానే సంగతి తెలిసింది. రాత్రి అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ దిగింది, యంత్రం దానితోనే లేచింది. ఆ చవక వైఫై డాంగిల్‌ను నడిపే డ్రైవరు ఉబుంటూతో వచ్చింది కాదు. మేమే తెచ్చి పాత కెర్నెల్‌కు అతికించాం. కొత్తదానికి అది అతకలేదు. మళ్లీ ఆన్ చేసి, ఎస్కేప్ నొక్కి, 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో పాత కెర్నెల్ ఎంచుకుంటే వైఫై వచ్చింది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. మళ్లీ కొత్త కెర్నెలే, మళ్లీ వైఫై లేదు.

ఈ ఎంపిక ఉబుంటూది కాదు. కెర్నెల్ మెమరీలోకి రాకముందు ఉబుంటూ ఎక్కడిది? ఎంచుకునేది గ్రబ్ అనే బూట్‌లోడర్, అంటే ఆన్ చేయగానే కెర్నెల్‌ను మెమరీలోకి తెచ్చే చిన్న ప్రోగ్రాం. '/ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్' ఫైల్లో 'గ్రబ్_డిఫాల్ట్' అన్న వరుసలో మనం రాసిన మాటే దానికి ఆజ్ఞ.

అక్కడ మామూలుగా ఉండేది 0, అంటే మెనూలో మొదటి పేరు. కెర్నెల్ దిగిన ప్రతిసారీ మెనూ మళ్లీ తయారై కొత్తది పైకెక్కుతుంది కాబట్టి, 0 అంటే ఎప్పుడూ తాజాదే. భద్రతా సవరణలు వెంటనే అందుతాయి. సొంత ల్యాప్‌టాప్‌కు ఇంతకంటే ఏమీ అక్కరలేదు. నా దానిలో ఇప్పటికీ 0 ఉంది.

కొందరు పాత కెర్నెల్ కోసం '1>2' అని రాస్తారు. రెండో వరుసలోని ఉపమెనూలో మూడో పేరు అని దానర్థం, లెక్క సున్నా నుంచి కాబట్టి. ఇది నాకు బొత్తిగా నచ్చదు. మరో కెర్నెల్ దిగితే వరుస జరుగుతుంది, అంకె మాత్రం జరగదు. నిన్న మంచి కెర్నెల్‌ను చూపిన '1>2' రేపు చెడ్డదాన్ని చూపుతుంది.

మూడోది 'సేవ్‌డ్', అంటే గుర్తు పెట్టుకున్న పేరుతో లేవమని. దీనికి 'గ్రబ్_సేవ్‌డిఫాల్ట్' కూడా జోడిస్తే, మెనూలో చివరిసారి ఎవరు దేన్ని నొక్కారో అదే తర్వాతా వస్తుంది. నలుగురు కూర్చునే దుకాణంలో అది ప్రమాదం: ఎవరో పొరపాటున కొత్త కెర్నెల్ నొక్కితే మర్నాడు కూడా వైఫై లేనట్టే. జోడించకపోతే 'గ్రబ్-సెట్-డిఫాల్ట్' ఆజ్ఞతో మనం చెప్పినదే స్థిరంగా ఉంటుంది. అంకె కాకుండా మెనూలోని పూర్తి పేరు ఇస్తే వరుస జరిగినా ఫర్వాలేదు. పాత కెర్నెల్‌ను సిస్టం తుడిచేయకుండా 'ఆప్ట్-మార్క్ హోల్డ్' వేయడం మరవకూడదు. ఆ పేరు కనిపించకపోతే గ్రబ్ చప్పుడు చేయకుండా మొదటిదానికే పోతుంది.

'సేవ్‌డ్'లో అసలు అందం 'గ్రబ్-రీబూట్' ఆజ్ఞ. కొత్త కెర్నెల్‌ను ఒక్కసారికి మాత్రమే పరీక్షిస్తుంది. దీనికి మనం ఇచ్చిన కెర్నెల్ పేరును గ్రబ్ ముందు చెరిపి, తర్వాతే బూట్ చేస్తుంది. కొత్త కెర్నెల్ పేరు పక్కన 'ప్యానిక్=10' అని కూడా పెడితే, అది కుప్పకూలిన 10 సెకన్లకు యంత్రం తనంతట తానే పాతదానితో లేస్తుంది. ఒక మెలిక ఉంది: ఆ చెరపడానికి గ్రబ్ తన 'గ్రబ్‌ఎన్వ్' ఫైల్లో రాయగలగాలి. బూట్ ఫోల్డర్ ఎల్‌వీఎం (డిస్కును భాగాలుగా పంచే ఒక పద్ధతి) మీదో బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (ఒక రకం ఫైల్ సిస్టం) మీదో ఉంటే రాయలేదు. అప్పుడు "ఒక్కసారి" అన్నది ప్రతిసారీ అవుతుంది.

గ్రబ్‌నే వదిలేసి సిస్టమ్‌డీ-బూట్ అనే మరో బూట్‌లోడర్‌కు మారితే? ఒకప్పటి గమ్మీబూట్ ఇది, 2015లో సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సేవలను లేపి నడిపే ప్రోగ్రాం) కలిసింది. ఇందులో కెర్నెల్ ఎంట్రీ ఫైలు పేరులోనే '+3' అని ప్రయత్నాల లెక్క పెట్టుకోవచ్చు. మూడుసార్లూ లేవలేకపోతే అది జాబితాలో అడుగుకు పోతుంది. చక్కని ఏర్పాటే, కానీ మా బాధకు మందు కాదు. వైఫై రాకపోయినా యంత్రం లేచింది కాబట్టి, దాని లెక్కలో అంతా క్షేమమే. పైగా దీనికి యూఈఎఫ్‌ఐ (కొత్త యంత్రాల్లో బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) తప్పనిసరి. దుకాణంలోని రెండో యంత్రం పాత బయోస్‌ది.

అందుకే దుకాణంలో 'సేవ్‌డ్', పూర్తి పేరుతో పాత కెర్నెల్. నెలకొక ఆదివారం నేను వెళ్లి 'గ్రబ్-రీబూట్'తో కొత్తది పరీక్షిస్తాను, వైఫై వస్తేనే పేరు మారుస్తాను. భద్రతా సవరణలు ఆ మేరకు ఆలస్యమవుతాయి, ఆ లోటు ఒప్పుకున్నదే. మెనూ కనిపించడానికి 5 సెకన్లు పెట్టాను. "అంతసేపు ఎందుకు బావా, జనం ఆగరు" అని మా వాడు దాన్ని 2 చేయించాడు.