హైస్కూలు పిల్లల కౌన్సెలింగ్ సేవ: బెంగళూరులోని ఒక పాఠశాలపై సమీక్ష

బెంగళూరు తూర్పు వైపున, మారతహళ్లికీ వైట్‌ఫీల్డ్‌కూ మధ్య ఉన్న ఒక సీబీఎస్ఈ పాఠశాలలో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు విద్యార్థులకు అందుతున్న కౌన్సెలింగ్, కెరీర్ గైడెన్స్ సేవల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మా అమ్మాయి అక్కడ పదో తరగతి చదువుతోంది. మా అపార్టుమెంటులోని తెలుగు కుటుంబాల పిల్లల్లో చాలామంది అదే పాఠశాలకు వెళతారు. వాళ్లతోనూ, ఈ మధ్యే పన్నెండో తరగతి ముగించిన కొందరితోనూ విడివిడిగా మాట్లాడి, వాళ్ల అనుమతితో, వాళ్ల తల్లిదండ్రులకు తెలిసే ఈ అభిప్రాయాలు సేకరించాను. ఎవరినీ గుర్తుపట్టడానికి వీలులేకుండా వివరాలు మార్చాను; పాఠశాల పేరు కూడా రాయడం లేదు. ఏటా కట్టే ఫీజులో ఈ సేవకు విడిగా ఒక పద్దు ఉంది. డబ్బు కట్టేది తల్లిదండ్రులే అయినా ఆ గది తలుపు తట్టవలసింది పిల్లలు కాబట్టి, సేవ బాగుందో లేదో చెప్పే మొదటి అర్హత వాళ్లదే.

ముందుగా నిబంధనల మాట. సీబీఎస్ఈ అనుబంధ నియమాల ప్రకారం సెకండరీ, సీనియర్ సెకండరీ పాఠశాలలు పూర్తికాలపు కౌన్సెలర్‌ను నియమించుకోవాలి. 2026 జనవరిలో ఆ నియమాలను సవరించేదాకా, తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల్లో 300 మందికంటే తక్కువ విద్యార్థులు ఉన్నప్పుడు మాత్రం పార్ట్‌టైమ్ నియామకంతో సరిపెట్టుకునే వీలుండేది. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకా ముందుకు వెళ్లి, 100 మంది లేదా అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒక్కరైనా ఉండాలని ఆదేశించింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ మరణించిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. ఒక తండ్రి కోర్టుల చుట్టూ తిరిగినందువల్ల దేశంలోని పిల్లలందరికీ దక్కిన రక్షణ కనుక, తెలుగు తల్లిదండ్రులు దాన్ని ఒకసారైనా చదవాలని నా కోరిక. మేము చూస్తున్న పాఠశాలలో సైకాలజీలో పీజీ చేసిన పూర్తికాలపు కౌన్సెలర్ ఒకరు ఉన్నారు, కెరీర్ సలహాల కోసం బయటి నుంచి మరొకరు వస్తారు. నియమం ప్రకారం వంక పెట్టడానికి ఏమీ లేదు.

పిల్లలు మాత్రం కౌన్సెలర్ డిగ్రీల గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ గదికి ఎలా వెళ్లాలి, వెళ్తే ఎవరు చూస్తారు, చెప్పింది ఎవరి చెవిన పడుతుంది అన్న మూడు విషయాల చుట్టూనే వాళ్ల మాటలన్నీ తిరిగాయి.

కౌన్సెలింగ్ గది మొదటి అంతస్తులో, క్రమశిక్షణ వ్యవహారాలు చూసే కోఆర్డినేటర్ గదికి ఆనుకుని ఉంది. బయట ఉన్న బెంచీ రెండు గదులకూ ఉమ్మడి. ఆ బెంచీ మీద కూర్చున్న పిల్లవాడు పొరపాటు చేసి పిలిపించుకున్నాడో, మనసు బాగాలేక వచ్చాడో దారిన పోయేవాళ్లకు తెలియదు కనుక, అందరూ మొదటిదే అనుకుంటారు. దీనికి తోడు, కౌన్సెలర్ పిలుపు చీటీ రూపంలో పాఠం మధ్యలో తరగతికి వస్తుంది. టీచరు పేరు పైకి చదువుతారు. పదకొండో తరగతి అబ్బాయి ఒకడు, "ఆంటీ, ఆ చీటీ వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా అందరూ ఏం చేశావని అడుగుతూనే ఉంటారు, అందుకే నేను మళ్లీ వెళ్లలేదు" అన్నాడు. బెంగళూరు బడుల్లో ఎవరైనా కాస్త ముభావంగా ఉంటే "నిమ్హాన్స్‌కు పంపాలి" అని ఎగతాళి చేసే అలవాటు పిల్లల్లో ఇంకా పోలేదు. హోసూరు రోడ్డు మీదున్న ఆ సంస్థలో పిల్లల, కౌమారుల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగం ఉందనీ, దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు అక్కడికి వస్తాయనీ ఈ పిల్లలకు ఎవరైనా తరగతిలో చెప్పి ఉంటే ఆ మాట ఎగతాళిగా మిగిలేది కాదు. అబ్బాయిలు వెనకాడటానికి ఈ భయమే ముఖ్య కారణమని నాకు అర్థమైంది. అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరికి తోడుగా మరొకరు వెళ్లగలుగుతున్నారు. అబ్బాయిలకు ఆ వీలు కూడా కనిపించడం లేదు.

గోప్యత గురించి మరింత వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ సేవ నిలబడేదీ కూలిపోయేదీ అక్కడే. రెండేళ్ల కిందట, అప్పటి కౌన్సెలర్ ఉన్న కాలంలో, తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు ట్యూషన్‌కు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి పార్కులో కూర్చుంటున్నట్టు, లెక్కల తరగతిలో తనకు ఏమీ అర్థం కావడం లేదన్న సిగ్గుతో అలా చేస్తున్నట్టు చెప్పుకున్నాడు. ఆ తరువాతి పేరెంట్-టీచర్ సమావేశంలో క్లాస్ టీచరు ఆ సంగతిని అతని తండ్రి ముందు ప్రస్తావించారు. కౌన్సెలర్ మంచి ఉద్దేశంతోనే టీచరుకు చెప్పి ఉండవచ్చు. ఆ పిల్లవాడికి లెక్కల్లో సాయం అందాలనే అనుకుని ఉండవచ్చు. కానీ ఆ వార్త ఒక్క వారంలో తరగతంతా పాకింది, ఆ బ్యాచ్ పిల్లలు పన్నెండో తరగతి దాకా ఆ గది వైపు వెళ్లరేమోనన్నంత దూరమయ్యారు. ఇప్పటికీ కొత్తగా తొమ్మిదిలోకి వచ్చే పిల్లలకు పై తరగతుల వాళ్లు చెప్పే మొదటి హెచ్చరిక అదే.

ఇప్పుడున్న కౌన్సెలర్ వచ్చాక పరిస్థితి మారిందని పిల్లలే చెబుతున్నారు, నాకు సంతోషం కలిగించిన విషయం ఇది. మొదటిసారి వెళ్లిన ప్రతి విద్యార్థికీ ఆవిడ ముందుగానే హద్దులు వివరిస్తారట: నీ ప్రాణానికి గానీ మరొకరి ప్రాణానికి గానీ ముప్పు ఉందనిపిస్తే ఇంట్లోవాళ్లకు చెప్పక తప్పదు, ఎవరైనా నీ పట్ల లైంగికంగా తప్పుగా ప్రవర్తించారని తెలిస్తే చట్టప్రకారం ఫిర్యాదు చేయవలసి ఉంటుంది, మిగిలినదంతా నీ అనుమతి లేకుండా ఈ గది దాటదు. 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లలపై జరిగిన లైంగిక నేరం గురించి తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలియజేయాలని నిర్దేశిస్తుంది. కౌన్సెలర్‌కు అందులో మినహాయింపు లేదు. కాబట్టి "ఎవరికీ ఏమీ చెప్పను" అని మాట ఇచ్చే కౌన్సెలర్ నిలబెట్టుకోలేని మాట ఇస్తున్నట్టే. పిల్లలు ఈ నిజాయితీని గౌరవించారు. పూర్తి రహస్యం ఉండదని తెలిసి కూడా వాళ్లు వెళుతున్నారంటే, వాళ్లు అడిగేది హద్దు ఎక్కడుందో ముందే తెలియడం మాత్రమేనని నేను గ్రహించాను. ఈ హద్దులను ఒక కాగితం మీద రాసి విద్యార్థులకూ తల్లిదండ్రులకూ ఇద్దరికీ ఇవ్వాలి; ప్రస్తుతం అదంతా కౌన్సెలర్ వ్యక్తిగత పద్ధతిగానే ఉంది, రేపు ఆవిడ ఉద్యోగం మారితే పాత అలవాటే తిరిగి రావచ్చు.

ఈ విషయంలో తల్లిదండ్రుల వంతు కూడా తక్కువేమీ కాదు. మన ఇళ్లలో పిల్లవాడు కౌన్సెలర్‌ను కలిశాడని తెలియగానే "ఏం చెప్పావు, మన ఇంటి సంగతులు బయట ఎందుకు చెప్పావు" అన్న ప్రశ్న ముందుగా వస్తుంది. కొందరు నేరుగా పాఠశాలకు ఫోన్ చేసి, మా అబ్బాయి ఏమన్నాడో చెప్పండని నిలదీస్తారు. కౌన్సెలర్ చెప్పనంటే ప్రిన్సిపల్ దాకా వెళతారు. ఆ ఒత్తిడిని తట్టుకునే బలాన్ని యాజమాన్యం ఆవిడకు ఇస్తోందా అన్నది పిల్లలు చాలా నిశితంగా గమనిస్తున్నారు.

భాష విషయం ఒకటి తెలుగు కుటుంబాలకు ప్రత్యేకం. కౌన్సెలర్‌కు కన్నడం, ఇంగ్లీషు, హిందీ వచ్చు. బెంగళూరులో పుట్టి పెరిగిన పిల్లలకు ఇంగ్లీషులో మాట్లాడటం కష్టం కాదు. కానీ తండ్రి ఉద్యోగం మారడంతో కడప నుంచి తొమ్మిదో తరగతి మధ్యలో వచ్చిన ఒక అమ్మాయి, పాఠాలు ఎలాగో అందుకుంటున్నా ఇంట్లో జరిగే గొడవ గురించి ఇంగ్లీషులో చెప్పబోతే మాటలు రాక తిరిగి వచ్చేశానని నాతో అంది. బడిలో తెలుగు తెలిసిన ఉపాధ్యాయులు ఉన్నా, మార్కులు వేసేవాళ్ల దగ్గర ఇలాంటివి చెప్పుకోవడం ఏ పిల్లకైనా ఇబ్బందే. ప్రతి భాషకూ ఒక కౌన్సెలర్‌ను పెట్టమని అడగడం న్యాయం కాదు. అలాంటి పిల్లలకు తెలుగులో మాట్లాడగల బయటి నిపుణుల వివరాలు ఇవ్వడం మాత్రం సాధ్యమే, ఆ పని ఇంకా జరగడం లేదు.

పరీక్షల ముందు ఈ సేవ పూర్తిగా చాలడం లేదు. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో దేశవ్యాప్తంగా 3.79 లక్షల మంది విద్యార్థులను అడిగి చేసిన సర్వేలో, తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితాలే కారణమని 81 శాతం మంది చెప్పారు. ప్రీ-బోర్డు పరీక్షలు దగ్గరపడగానే మా పాఠశాలలో సమయం దొరకడం గగనమవుతుంది. పరీక్షల కాలంలో చిన్న చిన్న బృందాలకు ప్రత్యేకంగా కౌన్సెలర్‌ను గానీ మెంటర్‌ను గానీ కేటాయించాలని సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది; ఇక్కడ అది అమలు కావడం లేదు.

ఇక కెరీర్ గైడెన్స్. ఈ భాగాన్ని నేను మెచ్చుకోలేను. పదో తరగతిలో ఒక ప్రైవేటు సంస్థ ద్వారా ఆప్టిట్యూడ్ పరీక్ష పెట్టి, రంగురంగుల పట్టికలతో పొడవైన నివేదిక చేతికి ఇస్తారు. పిల్లలు ఒకరి నివేదిక ఒకరు చూసుకుంటే, పేర్లు మార్చి చదివినా తేడా తెలియనంతగా అందరికీ ఇంజినీరింగ్, మేనేజ్‌మెంట్, న్యాయశాస్త్రం సరిపోతాయని ఉంది. చివరి పేజీలో మరింత వివరమైన సలహాకు ఎంత కట్టాలో ఉంది. సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల కోసం తయారుచేసిన 'తమన్నా' అనే పరీక్ష ఉంది. భాష, సంఖ్యలు, తార్కికత, ఆకారాలను ఊహించగల శక్తి వంటి ఏడు అంశాల్లో విద్యార్థి సహజ సామర్థ్యాన్ని అది అంచనా వేస్తుంది, అందులో ఉత్తీర్ణత, వైఫల్యం అంటూ ఏమీ ఉండవు. ఇలాంటిది అందుబాటులో ఉండగా డబ్బు పుచ్చుకునే పరీక్ష ఎందుకని అడిగితే పాఠశాల నుంచి సంతృప్తికరమైన జవాబు రాలేదు.

అంతకంటే బాధ కలిగించింది, పిల్లలు నిజంగా అడిగే ప్రశ్నలకు అక్కడ జవాబు లేకపోవడం. గుంటూరులో తాతయ్య ఎంపీసీ తీసుకోమంటారు, ఇక్కడ స్నేహితులు పీసీఎంబీ, పీసీఎంసీ (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌తో పాటు బయాలజీ లేదా కంప్యూటర్ సైన్స్) అంటారు. పన్నెండు తరువాత సీట్ల సంగతి ఏమిటన్నది తెలుగు పిల్లలందరినీ వేధించే ప్రశ్న. కర్ణాటకలో సీఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా ప్రభుత్వ కోటా సీటుకు అర్హత పొందే ప్రధాన మార్గంలో, ఒకటి నుంచి పన్నెండో తరగతి లోపు కనీసం ఏడేళ్లు ఈ రాష్ట్రంలో చదివి, పదో తరగతి లేదా పన్నెండో తరగతి ఇక్కడే ఉత్తీర్ణులై ఉండాలి. ఎనిమిదో తరగతిలో ఆంధ్ర నుంచి వచ్చిన పిల్లవాడికి ఈ లెక్క కుదరదు. తల్లిదండ్రుల ఉద్యోగాన్ని బట్టి, మరికొన్ని కారణాలను బట్టి ఉన్న వేరే నిబంధనలు తనకు వర్తిస్తాయో లేదో చూసుకోవాలి. అటు ఆంధ్రలోనూ తెలంగాణలోనూ స్థానికత నియమాలు వేరు. రెండు రాష్ట్రాల మధ్య పెరుగుతున్న పిల్లలకు పదో తరగతిలోనే తెలియవలసిన విషయం ఇది. కెరీర్ సలహాదారును ఈ సంగతి అడిగిన ఇద్దరు విద్యార్థులకూ "వెబ్‌సైట్‌లో చూసుకోండి" అన్న సమాధానమే దొరికింది. విద్యార్థులకూ తల్లిదండ్రులకూ క్రమబద్ధంగా కెరీర్ కౌన్సెలింగ్ ఇవ్వాలని అదే సుప్రీంకోర్టు తీర్పు చెబుతుండగా, ఏటా ఒక్క ఉపన్యాసంతో ముగించడం పిల్లలకు అన్యాయం చేయడమే.

కాబట్టి ఈ పాఠశాలలో చేర్చాలనుకునే తెలుగు తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది: మనసు విప్పి మాట్లాడే అవసరం వచ్చినప్పుడు మీ పిల్లల్ని ఇప్పుడున్న కౌన్సెలర్ దగ్గరికి నిశ్చింతగా పంపవచ్చు, కెరీర్ సలహా కోసం మాత్రం ఆ గది మీద ఆధారపడవద్దు, నివేదికకు అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

మరో లోటు కూడా ఉంది. వేసవి సెలవుల్లో గది మూసి ఉంటుంది. అటు ఇంటర్ ఫలితాలు, ఇటు ఎస్సెస్సెల్సీ, సీబీఎస్ఈ ఫలితాలు ఏప్రిల్, మే నెలల్లోనే వస్తాయి. పిల్లలకు అత్యంత గడ్డు రోజులవి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు, మన బెంగళూరు నిమ్హాన్స్ మార్గదర్శకత్వంలో నడుస్తున్న ఆ సేవకు, 14416 నంబరులో ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నేను మాట్లాడిన పిల్లల్లో ఈ నంబరు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. దాన్ని విద్యార్థుల ఐడీ కార్డు వెనుక ముద్రించాలనీ, కౌన్సెలింగ్ గదిని కోఆర్డినేటర్ గది పక్క నుంచి లైబ్రరీ ఉన్న అంతస్తుకు మార్చాలనీ, తరగతికి చీటీలు పంపడం మానేసి విద్యార్థే సమయం కోరుకునే పద్ధతి పెట్టాలనీ తల్లిదండ్రుల కమిటీ తరఫున రాతపూర్వకంగా కోరాం. ఐడీ కార్డు సంగతికి ప్రిన్సిపల్ వెంటనే ఒప్పుకున్నారు, చీటీల గురించి టీచర్లతో మాట్లాడతామన్నారు, గది మార్పు గురించి ఇంకా జవాబు రావలసి ఉంది.