కరెంటు రైలు, ఇంటినిండా పిల్లలు: మా హెచ్‌ఓ సెట్ సంగతి

మా అమలాపురానికి రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను ఏళ్ళ తరబడి కడుతూనే ఉన్నారు, రైలెక్కాలంటే ఇప్పటికీ రాజమండ్రో కాకినాడో పోవాలి. అందుకే డాలస్‌లో ఉండే మా తమ్ముడు పిల్లల కోసం హెచ్‌ఓ సైజు కరెంటు బొమ్మరైలు సెట్ పంపితే, పిల్లలతో పాటు పెద్దవాళ్ళు కూడా కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఒక ఇంజను, మూడు బోగీలు, గుండ్రంగా బిగించుకునే పట్టాలు, వేగం పెంచి తగ్గించే కంట్రోలర్. సంక్రాంతికి వచ్చిన పిల్లలూ, వేసవి సెలవులకి దిగిన పిల్లలూ, ఇప్పుడీ ముసురులో బయటికి పోలేక ఇంట్లో పడున్న పిల్లలూ అందరి చేతుల్లోనూ నలిగింది, ఇంకా నడుస్తోంది. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే తిప్పల్లో చాలావరకు ఈ రకం సెట్లన్నిటికీ ఉన్నవే. రేటింగ్ అడిగితే 5కి 3.5.

ముందు అందరూ అడిగేది చెప్పేస్తాను. పట్టాలు ముట్టుకుంటే షాక్ కొట్టదు. హెచ్‌ఓ అంటే అసలు రైలులో 87వ వంతు సైజు, రెండు పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు, వాటిలో పారేది 12 నుంచి 16 వోల్టుల డీసీ కరెంటు, అంతే. భయమంతా గోడ దగ్గర, అంటే 230 వోల్టులు వచ్చే ప్లగ్గు దగ్గర. మా సెట్‌తో వచ్చిన అడాప్టర్ అమెరికాది, దాని వీపు మీద సన్న అక్షరాలతో ఇన్‌పుట్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసుంది. బజార్లో దొరికే పిన్ను మార్చే ముక్క తగిలించి మన గోడకి గుచ్చితే పిన్ను సరిపోతుందే గానీ వోల్టేజి మారదు. అమెరికా మిక్సీలకి ఇలాగే పొగ పెట్టించిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి. టీవీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తే చేత్తో తిప్పి చూసి, "ఇది ఇలాగే గుచ్చేస్తే పొగొచ్చేద్దండి. వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టుకోవచ్చు గానీ మన 50 హెర్ట్జ్ మారదు కదండీ, కాస్త ఎక్కువ వేడెక్కుద్ది, పిల్లలున్న ఇంట్లో ఆ బరువైన డబ్బా ఎందుకండీ" అన్నాడు. చివరికి అవుట్‌పుట్‌లో అంతే వోల్టులు, అంతే ఆంపియర్లు, ప్లస్సు మైనస్సు అదే వరసలో ఉండి, బీఐఎస్ (మన ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు ఉన్న అడాప్టర్ ఇక్కడే ఆయన చేతే చూపించుకుని కొన్నాం. మీ అడాప్టర్ మీద 100–240 అని ఉంటే ఈ గొడవేమీ లేదు, పిన్ను ఒక్కటి మార్చుకుంటే చాలు. ఇండియాకి కూడా పార్సిళ్ళు వెళ్తాయని తెలిసి పెట్టెలో ఈ అడాప్టరే పెట్టడం నాకు నచ్చలేదు, ఒకటిన్నర స్టార్లు కోసింది అందుకే.

మన దేశంలో అమ్మే బొమ్మలకి 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, కరెంటు బొమ్మలకి ఐఎస్ 15644 అని వేరే ప్రమాణం కూడా ఉంది. లోకల్‌గా బ్యాటరీ రైలు కొన్నా పెట్టె మీద ఆ గుర్తు చూసి కొనండి. ఊరి తీర్థాల్లో, రోడ్డు పక్కన అమ్మేవాటి మీద అది కనపడకపోతే అక్కడే వదిలేసి రండి.

పెద్దవాళ్ళకి తట్టని ప్రమాదం ఒకటుంది. కంట్రోలర్ నుంచి పట్టాలకి పోయే సన్నటి వైర్లు ఉంటాయి కదా, కొన్ని సెట్లలో వాటి చివర రాగి తీగ బయటికే ఉంటుంది. "ఈ తీగలు పెడితే రైలు నడుస్తుంది" అని చూసిన నాలుగేళ్ళ పిల్లకి, అవే తీగలు గోడ సాకెట్ కన్నాల్లో పెడితే ఇంకా జోరుగా పోతుందేమో అనిపించడం చాలా సహజం. ఆ పిల్లకి తెలివి ఎక్కువై అలా చేస్తుంది, అదే అసలు భయం. అందుకని అడాప్టర్ పైన, పిల్లలకి అందని సాకెట్‌లోనే ఉండాలి, నేల మీద జంక్షన్ బాక్స్ వద్దు. కింది సాకెట్లకి పిన్ను లేకపోతే మూసుకునే షట్టర్ రకం పెట్టించుకోండి. ఇంట్లో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, లేకపోతే రైలు సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి, వానాకాలంలో గోడలు చెమ్మపట్టే మన ఊళ్ళలో అది మిక్సీకీ మోటారుకీ కూడా పనికొస్తుంది.

పట్టాలు షాక్ కొట్టవు గానీ షార్ట్ అవుతాయి. రెండు పట్టాల మీద ఒకేసారి ఏ లోహం పడ్డా అంతే సంగతులు: చెంచా, పిన్నీసు, రూపాయి బిళ్ళ. మా ఇంట్లో దొంగ ఎవరంటే పాకే పిల్ల కాలి వెండి పట్టీ. రైలు చూద్దామని పట్టాల మీదకి కాలు జాపడం, పట్టీ రెండు పట్టాలకీ అడ్డంగా ఆనడం, చిటుక్కుమని చిన్న మెరుపు, రైలు ఆగిపోవడం. మా కంట్రోలర్ షార్ట్ అయితే దానంతటదే కరెంటు ఆపేస్తుంది, అది చాలా మంచి గుణం, కొనేటప్పుడు ఇది ఉందో లేదో తప్పక అడగండి. పిల్లకి ఏమీ కాలేదు, కానీ అలా తగిలిన చోట లోహం వేడెక్కుతుంది కాబట్టి ఇప్పుడు రైలు తీసే ముందు పట్టీలు, మొలతాడు తీయడం మా ఇంటి రూలు. బోగీ పట్టాలు తప్పి అడ్డంగా పడ్డా ఇదే షార్ట్. ఆగిపోయింది కదా అని నాబ్ ఇంకా తిప్పకూడదు, సున్నాకి తెచ్చి, అడ్డం తీసి, అడాప్టర్ చల్లబడ్డాక మళ్ళీ వేయాలి.

వయసు విషయంలో నేను కాస్త మొండిగానే చెబుతాను. ఇలాంటి సెట్ల పెట్టె మీద 8 ఏళ్ళనో 14 ఏళ్ళనో ఉంటుంది, అది ఊరికే రాయలేదు. కొక్కేలు, మెట్లు, బోగీలో బుల్లి పీపాలు, అన్నీ ఊడొస్తాయి, ఊడొచ్చినవన్నీ మూడేళ్ళ లోపు పిల్ల నోట్లోకే పోతాయి. రిమోట్ ఉండి అందులో బటన్ సెల్ ఉంటే మూతకి స్క్రూ ఉండి తీరాలి, మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోయే ప్రమాదం ఉంది, మింగిందని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికే పరిగెత్తాలి. మూడేళ్ళ వాళ్ళకైతే జర్మనీ కంపెనీ మార్క్లిన్ వాళ్ళ మై వరల్డ్ లాంటివి బ్యాటరీతో నడుస్తాయి, బోగీలు అయస్కాంతాలతో అతుక్కుంటాయి, గోడతో పనే లేదు. చిన్నపిల్లలే ఎక్కువ ఉన్న ఇంటికి నేనైతే అదే కొంటాను.

ఇక బండి ఆయుష్షు. పిల్లల చేతిలో నాబ్ పెడితే మొదటి క్షణంలోనే ఆ చివరికి తిప్పుతారు, మలుపులో ఇంజను ఎగిరి పడుతుంది. బల్ల మీద నుంచి నేలకి పడితే లోపల ప్లాస్టిక్ పళ్ళచక్రం పోతుంది, దాన్ని మన ఊళ్ళో ఎవరూ తయారు చేసివ్వరు. అందుకే ప్లైవుడ్ షీటు నేల మీదే పరిచి, దాని మీద పట్టాలు బిగించాం. 18 అంగుళాల వ్యాసార్ధం ఉన్న మలుపుకి మూడడుగుల పైచిలుకు వెడల్పు కావాలి కాబట్టి నాలుగడుగుల షీటు సరిపోతుంది. నాబ్ సగం దాటకుండా పక్కన చిన్న చెక్కముక్క అతికించాం. మా మేనల్లుడు "మామయ్యా, ఇది ప్యాసింజరా ఎక్స్‌ప్రెస్సా" అని వెక్కిరిస్తాడు గానీ బండి పడ్డం మానేసింది. ఇంకో రెండే రూల్స్: పూర్తిగా ఆగాకే వెనక్కి తిప్పాలి, నడిచే ఇంజన్ని చేత్తో పట్టి ఆపకూడదు. పట్టి ఆపితే మోటారు లోపల వేడెక్కి కాలిపోతుంది.

శుభ్రం గురించి ఎక్కువ రాస్తున్నానంటే కారణం మన వాతావరణం. మా పట్టాలు స్టీలువి, ఈ చెమ్మకి వారం కదపకపోతే ఎర్రగా తుప్పు చూపిస్తాయి, కొత్తగా కొనేవాళ్ళు నికెల్ సిల్వర్ పట్టాలున్న సెట్ తీసుకోండి, అవి తుప్పు పట్టవు. తడిబట్ట పెట్టిన నేల మీద పట్టాలు వదిలేయకండి. చక్రాలకి వెంట్రుకలు, దారాలు చుట్టుకుంటాయి, కనుబొమల ప్లక్కర్‌తో లాగేయండి. ఇంజను కిర్రుమంటే మా అమ్మ "రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యరా" అంది. కోనసీమలో ఇంకేం అంటారు! కానీ కొబ్బరినూనె కొన్నాళ్ళకి జిగురై దుమ్మునంతా పట్టేస్తుంది, చక్రం మీద పడితే కరెంటు కూడా సరిగ్గా అందదు. ప్లాస్టిక్‌ని తినని సన్న నూనె, సూది మొనతో, ఇరుసు దగ్గర ఒక్క చుక్క, అది కూడా బండి కిర్రుమన్నప్పుడే. పట్టాలకి మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దారాలు రాలని బట్ట. ప్లగ్గు తీసి తుడిచి, బాగా ఆరాకే రైలు నడపాలి, ఆ ద్రవానికి ఇట్టే నిప్పంటుకుంటుంది, చక్రాల దగ్గర నిప్పురవ్వలు మామూలే. సాండ్‌పేపర్ ముట్టుకోకండి, గీతలు పడితే మురికి ఇంకా గట్టిగా కూర్చుంటుంది.

స్పేర్లు ఇక్కడ దొరకవు, అది గుర్తుపెట్టుకుని కొనండి. ఇంజను చక్రాలకి ఉండే రబ్బరు రింగులు, నాలుగు కొక్కేలు, ఒక జత పట్టాలు కలిపే క్లిప్పులు, ఇవి సెట్‌తోనే తెప్పించుకుంటే విడిగా పంపే ఖర్చు మిగులుతుంది. మా తమ్ముడికి ఈ లిస్టు ఇప్పటికే పంపాను, క్రిస్మస్ సెలవులకి వచ్చేటప్పుడు తెస్తానన్నాడు.