గౌరికి గుమ్మంలోనే టీకా: పర్లాకిమిడిలో ఒక పశువుల మందుల కొట్టు

రెండేళ్ల క్రితం వానాకాలంలో పెరటి మెట్ల మీద జారిపడి నా తుంటి ఎముక విరిగింది. ఆపరేషను అయ్యాక వాకరు పట్టుకుని వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా నడవగలుగుతున్నాను, అంతే. నాకు 73 ఏళ్లు. ఇంట్లో తోడు గౌరి ఒక్కతే. దానికి 11 ఏళ్లు. వానలో తడుస్తున్న కుక్కపిల్లను మా ఆయన తువ్వాలులో చుట్టి తెచ్చారు. ఆయన పోయినప్పటి నుంచి అది నా మంచం కిందే పడుకుంటోంది.

మా ఊరు ఒడిశాలో ఉంది కాబట్టి బజారులోని ఈ కొట్టుకు బోర్డు ఒడియాలో ఉంటుంది, కానీ పశువుల మందుల కొట్టు అంటే ఎవరైనా దారి చూపిస్తారు. కదలలేని పెద్దవాళ్ల ఇళ్లకు వాళ్లే వచ్చి కుక్కలకు, పిల్లులకు టీకాలు వేస్తారు, తిండి చేరవేస్తారు. ఏడాదిగా వాళ్ల సాయం పొందుతున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

టీకా మందు ధర పెద్ద భారం కాదు. అది వేయించడానికి కుక్కను తీసుకువెళ్లడమే భారం. కుక్క అనగానే ఆటోవాళ్లు వెళ్లిపోతారు. ఒకతను ఒప్పుకున్నాడు కానీ రానూపోనూ 300 అడిగాడు, దాన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ప్రైవేటు బడిలో 26 ఏళ్లు తెలుగు చెప్పినా నాకు ఉద్యోగపు పింఛను లేదు. ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను 1,000 రూపాయలు, సూరత్ మగ్గాల మిల్లు నుంచి అబ్బాయి పంపేది, ఇవే నా రాబడి. ఆ ఏడు టీకా తప్పిపోయింది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక కుక్కకైనా మనిషికైనా ఇక మందు లేదు. పక్కింటి పిల్లలు వచ్చి గౌరి మెడ పట్టుకుని ఆడుకుంటుంటే నా గుండె దడదడలాడేది. ‘నీకే కష్టంగా ఉంది, ఎవరినైనా పంపించి నది దాటించి పాతపట్నంలో వదిలేయించు’ అని దగ్గరి బంధువు ఒకరు సలహా ఇచ్చారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

నిజానికి తినే రోజుల్లోనూ సగం దానికే పెట్టేదాన్ని. ఇది నా ఒక్కదాని బలహీనత అనుకునేదాన్ని. అమెరికాలో పెద్దవాళ్ల ఇళ్లకు భోజనం అందించే మీల్స్ ఆన్ వీల్స్ గురించి చదివాక ఆ మాట మానేశాను. ఆ సేవ అక్కడ 1954లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. తెచ్చిచ్చిన భోజనాన్ని పెద్దవాళ్లు తమ కుక్కకో పిల్లికో పంచుతున్నారని గమనించి, తర్వాతి కాలంలో చాలాచోట్ల వాటి తిండి కూడా విడిగా తెచ్చివ్వడం మొదలుపెట్టారట. అక్కడి ముసలివాళ్లూ నాలాంటివాళ్లే.

కొట్టు తరఫున వచ్చేది పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన కాంపౌండరు గారు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన తిన్నగా గౌరి దగ్గరకు పోలేదు. గుమ్మంలో కూర్చుని, చెయ్యి నేల మీద పెట్టి, నాతో కబుర్లు చెబుతూ ఉండిపోయారు. అదే వచ్చి ఆ చెయ్యి వాసన చూసింది. అప్పుడు నా పాత చీరను ఉయ్యాలలా కట్టి, దాన్ని అందులో ఉంచి, స్ప్రింగు కాటాకు తగిలించి పైకెత్తారు. 14 కిలోలు. నులిపురుగుల మాత్ర ఆ బరువును బట్టే ఇవ్వాలట. తర్వాత ముందుకాలు పట్టుకుని చూపించారు. నేలకు ఆనకుండా పక్కన ఉండే ఐదో గోరు గుండ్రంగా తిరిగి చర్మంలోకి దిగిపోయి ఉంది. నెల రోజులుగా అది కుంటుతుంటే ముసలితనం అనుకున్నాను. రోజూ నా ఒళ్లో తల పెట్టే ప్రాణి, నేను చూసుకోలేకపోయాను. ఆయన కొంచెం కొంచెంగా గోరు కత్తిరించి, పుండు కడిగి, పసుపు రంగు మందు రాశారు. నాలుగో రోజుకు గౌరి సరిగ్గా నడిచింది.

టీకా ఖరీదు కాక ఇంటికి వచ్చినందుకు 80 రూపాయలు తీసుకుంటారు. జబ్బు అనిపిస్తే తాను ముట్టుకోరు, డాక్టరు గారికి ఫోను చేసి పిలుస్తారు. చీటీ ఒడియాలో ఉంటే, వచ్చే టీకా తేదీ నా క్యాలెండరు మీద తెలుగులో రాసి వెళ్లారు. సవర గిరిజనుల కోసం వాళ్ల భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆ రెండు ముక్కలు చూసి నాకు ఆయనే గుర్తుకొచ్చారు.

తిండి విషయంలో వీళ్లు చేసిన మేలు ఇంకా పెద్దది. పెద్ద సంచీ కొనమని ఒత్తిడి చేయరు. నూకలు, చోడిపిండి (రాగిపిండి), ఉప్పు వేయని ఎండుచేపల పొడి కలిపిన అరకిలో పొట్లం 35 రూపాయలు. పదిహేను రోజులకోసారి సైకిలు మీద కుర్రాడు తెస్తాడు, డబ్బు పింఛను వచ్చాక ఇవ్వవచ్చు. ‘మామ్మగారూ, సాంబారన్నం పెట్టకండి, ఉల్లిపాయ కుక్కల రక్తం పాడుచేస్తుంది’ అని మొదట చెప్పినవాడు ఆ కుర్రాడే. కాంపౌండరు గారిని అడిగితే నిజమే, ఎర్రకణాలు దెబ్బతింటాయి అన్నారు. పదేళ్లు నేను చేసిన పని అదే.

లోపాలూ ఉన్నాయి. జూలై వానల్లో తొమ్మిది రోజులు ఎవరూ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఒక పొట్లం ముక్కవాసన వచ్చింది; మార్చి ఇచ్చారు కానీ రెండుసార్లు అడగాల్సి వచ్చింది. గల్లా పక్కన ఒక డబ్బా ఉంటుందట, కొనడానికి వచ్చినవాళ్లు డబ్బు కట్టలేని వాళ్ల కోసం అందులో చిల్లర వేస్తారు. మంచి పని. అయితే ఎంత వచ్చింది, ఎన్ని ఇళ్లకు వాడారు అన్నది గోడ మీద రాసి పెట్టాలి. కొట్టాయనకు ఈ మాట ఫోనులో చెప్పాను, ‘రాయిస్తాను పంతులమ్మగారూ’ అన్నారు. ఇంకా రాయించలేదు.

పోయినసారి కాంపౌండరు గారు తన నోటుపుస్తకం తీసి, ‘మీకు ఏదైనా అయితే గౌరి ఎవరి దగ్గర ఉండాలి?’ అని అడిగారు. రెండేళ్లుగా రాత్రుళ్లు నన్ను పడుకోనివ్వని ప్రశ్న అది, ఎవరూ అడగలేదు. పక్కింటి అమ్మాయిని పిలిచి, ఆమె సరేనన్నాక ఆమె పేరూ ఫోను నంబరూ రాయించాను. తిండి ఖర్చు కొంతకాలం డబ్బాలోంచి ఇస్తామన్నారు. తర్వాతి టీకా మాఘమాసంలో ఉంది.