కొండపల్లి అడవిలో నైట్ క్యాంపింగ్ అంటే డబ్బులు కట్టకండి, మేం మోసపోయాం

మొన్న శనివారం రాత్రి జరిగింది. ఇంకా కోపం తగ్గలేదు, అయినా ఇవాళే రాసేస్తున్నా. ఈ వారాంతానికి కూడా వాడు బుకింగులు తీసుకుంటున్నాడని తెలిసింది. విజయవాడ పక్కన మూలపాడు దగ్గర కొండపల్లి అడవిలో టెంట్లు, చలిమంట, గిటారు, పైన నక్షత్రాలు అని ఇన్‌స్టాలో రీల్స్ పెడుతుంటాడు చూడండి, అతనే. పేరు రాయడం లేదు. విజయవాడలో ఆ రీల్ చూడనివాళ్ళు తక్కువ, మీకు అర్థమైపోతుంది.

పెద్దవాళ్ళకి 1,500, పిల్లలకి 750. మేమిద్దరం, గుంటూరు నుంచి మా చెల్లి, మరిది, ఇద్దరు పిల్లలు. మొత్తం 7,500 గురువారమే ఫోన్‌పే చేశాను. అప్పుడే నాకు బుద్ధి ఉండాల్సింది. డబ్బులు వేసేటప్పుడు నోట్ దగ్గర క్యాంపింగ్ అని రాయొద్దు, 'బర్త్‌డే గిఫ్ట్' అని రాయండి అక్కా అన్నాడు. ఎందుకు అని అడగకుండా అలాగే రాశాను. ఫారెస్ట్ పర్మిషన్ ఉందా అని మావారు అడిగితే "మన రేంజే సార్, అందరూ మనవాళ్ళే" అన్నాడు. ఆ మాటతో సరిపెట్టుకున్నాం. మూలపాడు సీతాకోకచిలుకల పార్కుకి పిల్లల్ని తీసుకుని పగలు ఎన్నోసార్లు వెళ్ళాం కాబట్టి తెలిసిన చోటే కదా అనిపించింది. పగలు పార్కుకి వెళ్ళడం వేరు, రాత్రి రిజర్వ్ ఫారెస్టు లోపల పడుకోవడం వేరు అన్న ఆలోచన రాలేదు.

సాయంత్రం ఇబ్రహీంపట్నం దాటి హైవే మీద కలిశాం. అక్కడి నుంచి మట్టిదారి. మాతోపాటు ఇంకో ఎనిమిది మంది కుర్రాళ్ళు ఉన్నారు. టెంట్లు చూస్తే ఒకదానికి జిప్పు లేదు, భోజనం చల్లారిపోయిన బిర్యానీ పొట్లాలు. వాటి గురించి నేను పెద్దగా పట్టించుకోలేదు, పిల్లలు ఆనందంగా ఉన్నారు. మంట కోసం అతను కత్తితో పచ్చి కొమ్మలు కొడుతుంటే మాత్రం మనసు ఒప్పలేదు. ఏ చెట్టో నాకు తెలియదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి ఈ కొండల్లోనే పెరుగుతుంది. ఆ కర్ర దొరక్క బొమ్మలవాళ్ళు ఎంత ఇబ్బంది పడుతున్నారో మనం ఎన్నిసార్లు వినలేదు? "పచ్చివి ఎందుకు తమ్ముడూ?" అని అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. అక్కడే గట్టిగా మాట్లాడి ఉండాల్సింది.

తొమ్మిది దాటాక చెట్ల మధ్య నుంచి రెండు టార్చిలైట్లు వచ్చాయి. ఫారెస్ట్ గార్డులు. రాగానే ఒకాయన బూటుతో మట్టి తోసి మంట ఆర్పడం మొదలుపెట్టాడు, రెండో ఆయన మా బాటిల్ తీసుకుని నీళ్ళు పోశాడు. చుట్టూ ఎండుటాకు మడమ లోతు ఉంది. అప్పటిదాకా అది నా కంటికి ఆనలేదు. "పర్మిషన్ కాగితం చూపించండి" అన్నారు. మేమందరం అతని వైపు చూశాం.

అప్పుడు అతను అన్న మాట నా జన్మలో మర్చిపోను. "నాకేం తెలుసు సార్, నేనూ వీళ్ళతోపాటు వచ్చినవాణ్ణే. ఈవిడే ఫోన్ చేసి అందర్నీ పోగుచేసింది" అని నన్ను వేలెత్తి చూపించాడు. పావుగంట ముందు "అక్కా, పాపకి దుప్పటి కావాలా?" అని అడిగిన నోరే అది. అక్క కాస్తా ఈవిడ అయిపోయింది. టార్చి వెలుగు నా ముఖం మీదకి తిరిగింది. పక్కన మావాడు, తొమ్మిదేళ్ళవాడు, నా చున్నీ పట్టుకుని వెనక్కి జరిగాడు. నాకు నోట మాట రాలేదు. ఫోన్ తీసి డబ్బులు కట్టినట్టు చూపిస్తే అందులో ఉన్నది 'బర్త్‌డే గిఫ్ట్'. ఆ నోట్ ఎందుకు రాయించాడో నాకు అప్పుడు అర్థమైంది.

కారులో కాగితాలు ఉన్నాయేమో చూసొస్తానని చెప్పి వెళ్ళినవాడు బైకు ఎక్కి వెళ్ళిపోయాడు. ఫోన్ స్విచాఫ్. చిన్నపిల్లల్ని పెట్టుకుని అడవి మధ్యలో మిగిలిపోయాం. ఆ గార్డులు చాలా మర్యాదగా మాట్లాడారు, అది చెప్పాలి. "అమ్మా, పిల్లల్ని పెట్టుకుని రాత్రిపూట ఇక్కడికి ఎలా వచ్చారు?" అని ఒకాయన అడిగితే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అనుమతి లేకుండా రిజర్వ్ ఫారెస్టులోకి రావడం, అందులో నిప్పు పెట్టడం 1967 ఫారెస్ట్ చట్టం కింద నేరమని అప్పుడు చెప్పారు. పేర్లు రాసుకుని, రోడ్డు దాకా వాళ్ళే టార్చి వేసి దింపారు. సోమవారం పిలిస్తే ఆఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చాం. ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, ఇలాంటి రిజిస్టర్‌లో నా పేరు పడటం ఇదే మొదటిసారి.

ఆదివారం ఉదయం అతని నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "అడవి అంటే ఇలాంటివి మామూలే మేడం, అడ్వెంచర్ అనుకోండి." డబ్బులు తిరిగి ఇవ్వమని అడిగాను, బ్లాక్ చేశాడు. 7,500 పోయిందని కాదు నా బాధ. పిల్లల ముందు నన్ను దోషిని చేసి పారిపోయాడు. మావాడు ఇప్పటికీ "అమ్మా, ఆ అంకుల్ నీ గురించి అబద్ధం ఎందుకు చెప్పాడు?" అని అడుగుతున్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. అడవిలో క్యాంపింగ్ అని ఎవరు చెప్పినా డబ్బులు వేసేముందు ఫారెస్టు వాళ్ళిచ్చిన అనుమతి కాగితం చూపించమనండి. తేదీ, ఎంతమంది అనేది అందులో ఉండాలి. లేదంటే మీరే ఆ ప్రాంతపు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి వెళ్ళి అడగండి. పిల్లలకి అడవి చూపించాలనుకుంటే నల్లమలలో తుమ్మలబైలు సఫారీ, బైర్లూటి క్యాంపు లాంటివి ఫారెస్టు శాఖే నడుపుతోంది, దూరమైనా అవి మేలు. నోట్‌లో ఇంకేదో రాయమన్నవాడికి ఒక్క రూపాయి కూడా పంపకండి.

నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాను. మీలో ఎవరైనా అతనికి డబ్బులు కట్టి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, నా దగ్గరున్న స్క్రీన్‌షాట్లు పంపిస్తాను. అందరం కలిసి ఇస్తే కేసు గట్టిగా నిలబడుతుంది.