ఎండిపోయిన సోల్డర్ పేస్ట్‌కు జెల్ ఫ్లక్స్: ఎంతవరకు నమ్మొచ్చు?

కోఠి గుజరాతీ గల్లీలోనో అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో మొబైల్ రిపేర్ సామాను దగ్గర దొరికే 42 గ్రాముల సోల్డర్ పేస్ట్ (సర్క్యూట్ బోర్డు మీద విడిభాగాలను అతికించే, లోహపు పొడి కలిసిన ముద్ద) డబ్బా హాబీ పనికి చాలా ఎక్కువ. నెలకు ఒకటి రెండు బోర్డులు చేసేవాళ్లు పావు వంతు వాడేలోపే మిగతాది పెచ్చు కట్టి, అడుగున ముద్దయి కూర్చుంటుంది. దాన్ని మళ్లీ మెత్తబరచడానికి సులువుగా దొరికేది 10 సీసీ సిరంజిలో వచ్చే నో-క్లీన్ జెల్ ఫ్లక్స్. ఫ్లక్స్ అంటే లోహం మీది ఆక్సైడ్‌ను తొలగించి అతుకు పట్టేలా చేసే పదార్థం, నో-క్లీన్ అంటే అతికాక కడగనక్కర్లేదని అమ్మే రకం. ఈ సమీక్ష దాని గురించే, అదీ ఆ ఒక్క పనికి ఎంత పనికొస్తుందన్నంత మేరకే.

తీర్పు ముందే చెప్పేస్తే: ద్రావకం ఆరిపోయి గట్టిపడిన పేస్ట్‌ను ఇది నిజంగానే పనిలోకి తెస్తుంది. పొడికి ఆక్సైడ్ పట్టి చెడిన పేస్ట్‌ను తేలేదు. చిక్కేమిటంటే డబ్బా మూత తీసి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ఫ్లక్స్ కలిపే ముందు పేస్ట్‌ను పరీక్షించాలి.

ఈ డబ్బాల్లో సాధారణంగా ఉండేది 63 శాతం తగరం, 37 శాతం సీసం కలిసిన మిశ్రమ లోహం. 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. లేబుల్ మీద 25–45 మైక్రాన్లు అని ఉంటే అది టైప్ 3 పొడి. బరువులో దాదాపు 90 శాతం లోహమే, మిగతా 10 శాతం ఫ్లక్స్. కానీ ఘనపరిమాణంలో చూస్తే రెండూ దాదాపు చెరిసగం. ఆ ఫ్లక్స్‌లో రోజిన్, నెమ్మదిగా ఆవిరయ్యే గ్లైకాల్ ఈథర్ లాంటి ద్రావకం, ఆక్సైడ్‌ను తినేసే ఆమ్లాలు, ముద్ద జారిపోకుండా నిలబెట్టే చిక్కదనపు పదార్థం ఉంటాయి. ఈ చివరిది చాలా పేస్టుల్లో ఆముదం నుంచి తీసిన మైనమే. పాలమూరు, నల్లగొండ మెట్ట చేలల్లో పండే ఆముదానికి ఇలాంటి చోట కూడా పని ఉందని చాలామందికి తెలియదు.

మూత సరిగా బిగించకపోతే ముందు పోయేది ద్రావకం. అది తిరిగి ఇవ్వగలిగిన నష్టం. వేడిలో నెలల తరబడి ఉంటే మాత్రం ఫ్లక్స్‌లోని ఆమ్లాలు డబ్బాలోనే లోహంతో చర్య జరిపి ఖర్చయిపోతాయి, పొడి మీద ఆక్సైడ్ పొర మందమవుతుంది. పొర అంటే తేలిగ్గా తీసుకోకూడదు. సగటున 35 మైక్రాన్ల గుళికలైతే ఒక గ్రాము పొడి ఉపరితలం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. అదే గ్రాము లోహం ఒక్క గుండుగా ఉంటే ఉపరితలం ఒక చదరపు సెంటీమీటరు పైచిలుకే. అంత ఉపరితలమంతా ఆక్సైడ్ పట్టాక బయటి నుంచి చుక్క ఫ్లక్స్ పోస్తే ఏ మూలకూ చాలదు.

పరీక్ష ఇలా చేయాలి. పైన కట్టిన పెచ్చును ముందు తీసేయాలి. దాన్ని లోపలికి కలపకూడదు, ఆక్సైడ్ ఎక్కువగా ఉండేది అందులోనే. కింద నుంచి మినపగింజంత పేస్ట్ తీసి, రాగి లేని పాత బోర్డు ముక్క మీదో, పింగాణీ టైల్ ముక్క మీదో పెట్టి, హాట్ ఎయిర్‌తో లేదా హాట్ ప్లేట్ మీద 150 డిగ్రీల దగ్గర ఒక నిమిషం ఉంచి, తర్వాత 210కి తీసుకెళ్లాలి. పేస్ట్ బాగుంటే అంతా కలిసి ఒక్క మెరిసే గుండు అవుతుంది, చుట్టూ తేనె రంగు ఫ్లక్స్ మడుగు కడుతుంది. గుండు చుట్టూ ఇసుక చల్లినట్టు చిన్న చిన్న బంతులు వలయంగా మిగిలితే అనుమానించాలి. బూడిద రంగు ముద్ద కరగనట్టే నిలిచిపోయినా, పది ముక్కలుగా విడిపోయినా అది పోయినట్టే. పరిశ్రమలో సోల్డర్ బాల్ పరీక్ష అని చేసేది ఇదే, వాళ్లు కొలతలు కచ్చితంగా పాటిస్తారు, అంతే తేడా.

అనుమానపు ఫలితం వస్తే అదే పేస్ట్‌లో ఇంకో మినపగింజంత తీసుకుని, టూత్‌పిక్ మొనకు అంటినంత జెల్ ఫ్లక్స్ కలిపి మళ్లీ వేడి చేయాలి. ఈసారి ఒక్క గుండు వస్తే డబ్బాను కాపాడుకోవచ్చు. రాకపోతే ఆపేయడమే.

ఇక అసలు పని. 10 గ్రాముల పేస్ట్‌లో ఫ్లక్స్ మొత్తం ఒక గ్రాము. అందులో ద్రావకం ఒక భాగమే. కాబట్టి పోగొట్టుకున్నది 0.3 గ్రాముకు అటూ ఇటూ. వేయాల్సినదీ అంతే. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ముద్ద గట్టిగా ఉందని సిరంజి నొక్కుతూ పోతే అర గ్రాము, గ్రాము ఇట్టే పడిపోతుంది. ఇప్పుడు ఉన్న 10 గ్రాముల్లో 9 లోహం అనుకుంటే, ఒక గ్రాము ఫ్లక్స్ పడగానే లోహం 82 శాతానికి దిగుతుంది. అలాంటి పేస్ట్ ప్యాడ్ (బోర్డు మీద విడిభాగం అతికే చిన్న రాగి చోటు) మీద నిలవదు. వేడెక్కేటప్పుడు జారి పక్క ప్యాడ్‌తో కలిసి బ్రిడ్జ్ కడుతుంది, కరిగాక అతుకులో లోహం చాలదు.

అందుకే మందుల దుకాణంలో దొరికే ఒక సీసీ సిరంజిని సూది లేకుండా తీసుకుని జెల్ ఫ్లక్స్ అందులోకి ఎక్కించుకోవడం మేలు. జెల్ సాంద్రత నీటికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి 0.1 సీసీ అంటే దాదాపు 0.1 గ్రాము. 10 గ్రాముల పేస్ట్‌ను గాజు పలక మీదకు తీసి, మొదట 0.1 వేసి, ప్లాస్టిక్ గరిటెతో మడతపెడుతున్నట్టు రెండు మూడు నిమిషాలు కలపాలి. ఉక్కు బ్లేడుతో పలకకేసి నూరకూడదు. మెత్తటి గుళికలు చపాతీల్లా అణిగిపోయి, కొత్త ఉపరితలం బయటపడి ఇంకా ఆక్సైడ్ పడుతుంది. గబగబా గిలక్కొట్టినా గాలి బుడగలు చేరతాయి. పది నిమిషాలు ఆగి చూసి, చాలకపోతేనే ఇంకో 0.1. మొత్తం 0.3 దాటాల్సి వస్తుంటే ఆ పేస్ట్‌లో ఎండటం కంటే పెద్ద సమస్య ఉన్నట్టు లెక్క.

ఎప్పుడు ఆపాలో చెప్పే కొలత గోరింటాకు కోన్. కోన్ నుంచి వచ్చే ముద్ద ఎలా గీసిన చోట గీసినట్టు నిలబడుతుందో పేస్ట్ అలా ఉండాలి. గరిటెతో ఎత్తి వంచితే రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా తెగి పడాలి. దోసె పిండిలా తీగ సాగుతూ కారితే ఫ్లక్స్ ఎక్కువైంది. అసలు పడకపోతే ఇంకా గట్టిగా ఉంది. కలిపాక ఒక అరగంట మూతపెట్టి వదిలేసి, మళ్లీ గుండు పరీక్ష చేసి అప్పుడే బోర్డు మీదకు తీసుకోవాలి. బాగు చేసిన దాన్ని మంచి పేస్ట్ ఉన్న డబ్బాలో తిరిగి కలపకూడదు.

మిగతా ఉపాయాలతో పోలిస్తే జెల్ ఫ్లక్స్ ఎందుకు మెరుగో చూస్తే తెలుస్తుంది. అందరూ మొదట చేసేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేయడం. అది 82 డిగ్రీలకే మరిగిపోతుంది. కలపగానే పేస్ట్ మెత్తబడి ఆశ పుడుతుంది, స్టెన్సిల్ (ప్యాడ్ల చోట రంధ్రాలున్న పలుచని రేకు) మీద పరిచేలోపే మళ్లీ బిగుస్తుంది. పైగా లోపల మిగిలింది ప్రీహీట్‌లో, అంటే కరిగే ముందు వేడెక్కే దశలో, బుస్సున లేచి సోల్డర్ తుంపరలు చిమ్ముతుంది. 70 శాతం రకమైతే మిగతా 30 శాతం నీరే కాబట్టి ఇంకా చేటు. ఈ పని నుంచి ఆల్కహాల్‌ను పూర్తిగా తప్పించాలి, 99 శాతం రకాన్ని చివర్లో బోర్డు కడగడానికి ఉంచుకోవాలి. సీసాలో వచ్చే ద్రవ రోజిన్ ఫ్లక్స్‌లోనూ ఎక్కువ భాగం ఆల్కహాలే, ఫలితం కూడా అదే.

ఇంకో గందరగోళం పేరుతో వస్తుంది. దుకాణంలో పేస్ట్ అని అడిగితే చాలాసార్లు చేతిలో పెట్టేది చిన్న గుండ్రటి డబ్బాలోని పసుపు గ్రీజు. అది సోల్డరింగ్ పేస్ట్. అందులో లోహమే ఉండదు, తీగలు అతికేటప్పుడు వాడే ఫ్లక్స్ అది. కొన్నింటిలో జింక్ క్లోరైడ్ ఉంటుంది. దాన్ని సోల్డర్ పేస్ట్‌లో కలిపితే చిన్న ప్యాడ్ల కింద తుప్పు మిగులుతుంది. ఈ పనికి అస్సలు వద్దు.

జెల్ ఫ్లక్స్ కొనేటప్పుడు అమ్‌టెక్ 559, ఆర్ఎంఏ-223 పేర్లతో బజారంతా కనిపించే సిరంజిల్లో నకళ్లు చాలా ఎక్కువ. కాబట్టి పేరు చూసి కాకుండా ఫ్లక్స్‌నే పరీక్షించాలి. రాగి ప్యాడ్ మీద చుక్క వేసి 210 డిగ్రీలకు వేడి చేస్తే అది పారదర్శకంగా కరిగి పరుచుకోవాలి, రాగి రంగు తేలాలి. నల్లగా మాడినా, చల్లారాక జిడ్డుగా వ్యాజలైన్‌లా మిగిలినా అది పేస్ట్‌లో కలపదగింది కాదు. నో-క్లీన్ పేస్ట్‌కు నో-క్లీన్ జెల్ మాత్రమే, నీటితో కడిగే రకాన్ని రోజిన్ రకంతో కలపకూడదు. 138 డిగ్రీల బిస్మత్ పేస్ట్‌కు ఈ సిరంజి నుంచి పెద్దగా ఆశించొద్దు. ఎక్కువ వేడికి తయారైన ఫ్లక్స్ పూర్తిగా పనిలోకి దిగేలోపే అక్కడ లోహం కరగడం మొదలుపెడుతుంది.

ఫలితం ఎలా ఉంటుందంటే, 0805, 0603 సైజు చిన్న రెసిస్టర్లు, 1.27 మిల్లీమీటర్ల దూరంలో కాళ్లున్న ఐసీలు, పెద్ద కనెక్టర్ ప్యాడ్లు, వీటికి బాగు చేసిన పేస్ట్ కొత్తదానికి పెద్దగా తీసిపోదు. 0.12 మిల్లీమీటర్ల స్టెన్సిల్ మీద కూడా చక్కగా అచ్చు పడుతుంది. 0.5 మిల్లీమీటర్ల పిచ్ (కాళ్ల మధ్య దూరం) దగ్గర బ్రిడ్జ్‌లు పెరుగుతాయి, ఐరన్‌తో సరిదిద్దుకోవాలి. అడుగున ప్యాడ్ ఉండే క్యూఎఫ్ఎన్, బీజీఏ రకం చిప్పులకు మాత్రం వాడకూడదు. అక్కడ అతుకు కంటికి కనిపించదు, పాడైన బంతి ఏ కాలి కింద దాక్కుందో పట్టుకోవడం కష్టం. వేడి క్రమం మామూలుదే: 150 డిగ్రీల దగ్గర 60 నుంచి 90 సెకన్లు, పైన 205–215 డిగ్రీలు, 183 పైన ఒక నిమిషానికి మించకుండా. లేబుల్ నో-క్లీన్ అన్నా సరే, రెండు రకాల ఫ్లక్స్ కలిసింది కాబట్టి ఆ బోర్డును కడిగి తీరాలి.

సిరంజిలో వచ్చే సోల్డర్ పేస్ట్ బయటికి రాకపోతే అది ఎండిందనుకోవడం చాలాసార్లు పొరపాటు. సూది మరీ సన్నదైతే, లేదా పిస్టన్‌ను గట్టిగా నొక్కితే ఫ్లక్స్ ముందు బయటికి కారిపోయి లోహం మూతి దగ్గర ఇటుకలా పేరుకుంటుంది. సూది లోపలి వ్యాసం పెద్ద గుళికకు కనీసం ఏడు రెట్లు ఉండాలి. 45 మైక్రాన్లకు 0.32 మిల్లీమీటర్లు. 22 గేజ్ సూది సరిపోతుంది, 25 గేజ్ బిగుసుకుంటుంది. ఉక్కు సూది కంటే కోసుగా ఉండే ప్లాస్టిక్ మూతి మంచిది. బిగుసుకుంటే ఆ పేరుకున్న ముక్కను తీసేసి మూతి మార్చడమే, లోపలికి ఫ్లక్స్ ఎక్కించడం కాదు.

డబ్బును బట్టి చూస్తే, జెల్ ఫ్లక్స్ సిరంజిని ఈ ఒక్క పని కోసం కొనక్కర్లేదు. రీవర్క్ (బోర్డు మరమ్మతు) బల్ల మీద ఎలాగూ ఉండాల్సిందే కాబట్టి ఖర్చు లెక్కలోకి రాదు. మిగిలింది 5 గ్రాములలోపైతే ఇంత శ్రమ అనవసరం. రామగుండం, విజయవాడ లాంటి చోట్ల మే నెలలో ఇంట్లోనే 40 డిగ్రీలు చూసేవాళ్లకు 42 గ్రాముల డబ్బా కంటే 15 గ్రాముల సిరంజి తెలివైన కొనుగోలు. ఫ్రిజ్ అవసరం లేని చిప్‌క్విక్ టీఎస్391 తరహా సోల్డర్ పేస్టులు ధర ఎక్కువైనా, ఏడాదికి నాలుగు బోర్డులు చేసేవాళ్లకు అవే చవక పడతాయి. డబ్బానే ఉంచుకుంటే 2–10 డిగ్రీల మధ్య, గట్టి మూత ఉన్న రెండో డబ్బాలో పెట్టి, తిండి పదార్థాలు లేని ఫ్రిజ్‌లో ఉంచాలి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు. బయటికి తీశాక నాలుగు గంటలు ఆగి మూత తెరవాలి. చల్లగా తెరిస్తే గాలిలోని తేమ పేస్ట్ మీద చేరి, రీఫ్లోలో, అంటే వేడికి పేస్ట్ కరిగేటప్పుడు, అదే తుంపరలవుతుంది.

ఇది సీసం. గాజు పలక, గరిటె వంటింట్లోకి తిరిగి వెళ్లకూడదు. నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి, రోజిన్ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి ఫ్యాన్ గాలి పొగను ముఖానికి దూరంగా తోసేలా పెట్టుకోవాలి. పరీక్షలో ఓడిపోయిన పేస్ట్‌ను, తీసేసిన పెచ్చును, తుడిచిన కాగితాలను మూత బిగించిన డబ్బాలో పోగు చేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. సింక్‌లోకీ మామూలు చెత్తలోకీ వేయకూడదు.