ఫ్లాష్ స్టోరేజ్ కొంటున్నారా? కోట్‌లో ‘ఎఫెక్టివ్’ అన్న మాట కనబడితే సంతకం పెట్టకండి

విశాఖలో కంపెనీలకు ఐటీ చూసుకునేవాళ్లు, ముఖ్యంగా కంటైనర్ యార్డుల్లో, క్లియరింగ్ ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో ఉన్నవాళ్లు ఇది దయచేసి చివరిదాకా చదవండి. ఆల్-ఫ్లాష్ స్టోరేజ్ (తిరిగే హార్డ్ డిస్కులు లేకుండా అన్నీ చిప్ డ్రైవ్‌లే ఉండే డేటా బాక్స్) అని చెప్పి మాకు అంటగట్టిన బాక్స్ గురించి రాస్తున్నాను. డీలర్ పేరు రాయడం లేదు, వ్యవహారం లాయర్ల దగ్గర ఉంది. కానీ అదే ప్రపోజల్ పట్టుకుని ఊళ్లో మరికొన్ని ఆఫీసులకు తిరుగుతున్నారని తెలిసింది. ఇంకో కంపెనీ లక్షలు పోగొట్టుకోకముందే చెప్పాలనిపించింది.

మాది గాజువాక వైపు కంటైనర్ యార్డు. ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) డేటాబేస్, స్కాన్ చేసిన బిల్ ఆఫ్ ఎంట్రీలు, షిప్పింగ్ బిల్లులు, గేటు దగ్గర ప్రతి కంటైనర్‌కీ నాలుగు వైపులా తీసే ఫొటోలు, యార్డు సీసీటీవీ రికార్డింగులు, అన్నీ కలిపి 60 టీబీ దాకా ఉంటుంది. సీసీటీవీని ఫ్లాష్ మీద పెట్టడం ఎందుకని మీలో చాలామంది అడుగుతారు. డీలర్ ఇచ్చిన ప్రపోజలే అది: పాత నాస్ బాక్సులు (నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచేవి) మూడూ తీసేయొచ్చు, అంతా ఒక్క ఫ్లాష్ బాక్స్‌లోకి వచ్చేస్తుంది, ఇంకా సగం ఖాళీగానే ఉంటుంది అని రాసిచ్చారు. మా డేటా ఏమేమిటో, ఏది ఎంతుందో వాళ్ల ఇంజనీరే వచ్చి రాసుకుని వెళ్లాడు. అంటే తెలియక ఇచ్చిన కోట్ కాదు.

కోట్‌లో పెద్ద అక్షరాల్లో ‘110 టీబీ ఎఫెక్టివ్’ అని ఉంది, అంటే డేటాను కుదించి పెడితే అంత పడుతుందని. ఆ 110 ఎలా వచ్చిందో చూడండి, ఈ లెక్క ఏ కంపెనీ బాక్స్‌కైనా ఇలాగే ఉంటుంది. లోపల ఉన్నవి 3.84 టీబీ డ్రైవ్‌లు 12. అంటే రా కెపాసిటీ 46.08 టీబీ. ఒకేసారి రెండు డ్రైవ్‌లు పోయినా డేటా నిలబడాలంటే పారిటీకి (పోయిన డేటాను తిరిగి కట్టడానికి రాసే అదనపు సమాచారానికి) రెండు డ్రైవ్‌లంత జాగా పోతుంది, స్పేర్‌కి ఇంకొకటి. మిగిలింది 34.56 టీబీ. డ్రైవ్ తయారీదారు 1 టీబీ అంటే వెయ్యి జీబీలని లెక్కేస్తాడు, సర్వర్ 1024తో లెక్కేస్తుంది. అక్కడ మూడు టీబీ పైన కరిగి సుమారు 31.4 అవుతుంది. అందులోంచి బాక్స్ తన సొంత అవసరాలకు కొంత అట్టేపెట్టుకుంటుంది. చివరికి మన చేతికి వచ్చింది 28. ఈ 28ని నాలుగుతో హెచ్చవేస్తే 112. దాన్నే కాస్త తగ్గించి 110 అని రాశారు, అదేదో ఉదారంగా తగ్గించి చెప్పినట్టు.

ఆ నాలుగు ఎక్కడిది? డూప్లికేట్ బ్లాకులు తీసేసి, మిగిలినవాటిని కుదించి పెడితే 4 టీబీ డేటా 1 టీబీలో పడుతుందని ఊహ. అది పూర్తిగా అబద్ధం కాదు. ఒకే రకం విండోస్ వీఎంలు (సర్వర్‌లో నడిచే వర్చువల్ కంప్యూటర్లు) వంద ఉంటే, వర్చువల్ డెస్క్‌టాప్‌లు నడుస్తుంటే ఆ స్థాయిలో తగ్గడం ఉంది, మామూలు డేటాబేస్‌లూ బాగానే తగ్గుతాయి. కానీ జేపెగ్ ఫొటో ముందే కుదించి ఉంటుంది. హెచ్.265 వీడియో అంతే. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లో ఉండేది కూడా కుదించిన బొమ్మే. గట్టిగా పిండేసిన పంచెను మళ్లీ పిండితే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాబేస్ దీనికంటే కష్టం, అందులో స్టోరేజ్ బాక్స్‌కి పోలికలే దొరకవు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తీసిన ఫైళ్లు సాధారణంగా అప్పటికే కుదించి ఉంటాయి. మా ఈఆర్‌పీ మాత్రం బాగానే తగ్గింది, 3:1 దాకా వచ్చింది. కానీ మొత్తంలో దాని వాటా ఎంత? అన్నీ కలిపి చూస్తే మాకు వచ్చింది 1.3:1. అంటే 110 కాదు, 36 టీబీ.

ఇది డేటా మార్చడం మొదలుపెట్టగానే తెలిసిపోవాల్సింది. తెలియకపోవడానికి కారణం మేనేజ్‌మెంట్ స్క్రీన్ మీద కనిపించే అంకె. అక్కడ ‘టోటల్ ఎఫిషియెన్సీ’ అని 14:1 చూపిస్తోంది. డీలర్ మనిషి ఆ స్క్రీన్‌షాట్ మా ఎండీ గారికే పంపి ‘చూశారా సార్, చెప్పినదానికంటే ఎక్కువే వచ్చింది’ అన్నాడు. ఆ 14లో థిన్ ప్రొవిజనింగ్ (రాసినంతకే జాగా వాడుతూ పెద్ద వాల్యూమ్, అంటే పెద్ద డిస్కు, ఉన్నట్టు చూపించడం) కలిపేశారు, స్నాప్‌షాట్లు (డేటా ఒక క్షణంలో ఎలా ఉందో దాచిన నకళ్లు) కలిపేశారు. మీరు 10 టీబీ వాల్యూమ్ తయారుచేసి అందులో 1 టీబీయే రాస్తే, రాయని ఆ 9 కూడా ఆదా కిందే లెక్క. చూడాల్సింది పక్కన చిన్నగా ఉండే ‘డేటా రిడక్షన్’ అనే అంకె. డెమో ఇచ్చేటప్పుడు ఏ అంకె చూపిస్తున్నారో వేలుపెట్టి అడగండి, థిన్ ప్రొవిజనింగ్ లేకుండా ఎంత అని.

ఆ తర్వాత జరిగింది ఏ ఐటీవాడికీ రాకూడదు. సీసీటీవీ ఆర్కైవ్ కాపీ అవుతుండగా ఒక రాత్రి పూల్ (బాక్స్‌లో అన్నీ పంచుకునే మొత్తం జాగా) నిండిపోయింది. థిన్ వాల్యూమ్‌లు ఉన్న పూల్ నిండితే ఆగిపోయేది కొత్త ఫైల్ ఒక్కటే కాదు, దాని మీద నడిచే వీఎంలన్నీ ఆగిపోతాయి. గేట్ సిస్టమ్ ఆగింది, వేబ్రిడ్జి స్లిప్పులు ఆగాయి. తెల్లారేసరికి ట్రెయిలర్లు రోడ్డు మీదికి వరసకట్టాయి. డ్రైవర్ల తిట్లు, కస్టమర్ల ఫోన్లు, షిప్ కటాఫ్ టైమ్ దాటిపోతోందని టెన్షన్. కాగితం మీద గేట్ పాసులు రాసి బండ్లు వదిలాం. మా అకౌంట్స్ పెద్దాయన వచ్చి ‘ఏటి బాబూ, వంద పైన పడతాదన్నారు కదా, ముప్పైకే నిండిపోడమేటి?’ అని అడిగితే డీలర్ ఇంజనీరు తల దించుకుని నిలబడ్డాడు. ఆ కుర్రాడి తప్పు కాదది. అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తలేదు.

ఎత్తాక చెప్పింది ఇది: ‘ఎఫెక్టివ్ అనేది డేటా టైప్‌ని బట్టి ఉంటుంది సార్, డేటాషీట్ చివర స్టార్ మార్కు కింద రాసి ఉంది. ఇంకో షెల్ఫ్ తీసుకోండి.’ ఆ షెల్ఫ్‌లో, అంటే అదనపు డ్రైవ్‌ల పెట్టెలో, డ్రైవ్ ధర మొదట కొన్నప్పటి ధరకు దగ్గర్లో కూడా లేదు, అంతకంటే చాలా ఎక్కువ. బాక్స్ వాళ్లదే, డ్రైవ్‌లు వాళ్లవే పెట్టాలి, ఎక్కడికి పోతాం అనే ధీమా. అందుకే అదనపు కెపాసిటీ ధర కనీసం మూడేళ్లకు మొదటి పీఓలోనే (పర్చేజ్ ఆర్డర్‌లోనే) రాయించుకోవాలి.

తయారీదారులు కొందరు రిడక్షన్‌కి గ్యారంటీ ఇస్తారు. డెల్ తన పవర్‌స్టోర్ బాక్సులకు 5:1, నెట్‌యాప్ శాన్ వర్క్‌లోడ్ల (సర్వర్లు స్టోరేజ్‌ని తమ డిస్కులా వాడే పనుల) మీద 4:1 అని ప్రకటించాయి. తేడా వస్తే సరిచేసే పద్ధతి కూడా ఉంటుంది. కానీ అవి అన్ని రకాల డేటాకీ వర్తించవు, ముందే కుదించినది, ఎన్‌క్రిప్ట్ చేసినది లెక్కలోకి రాదు. కాబట్టి ‘కంపెనీ గ్యారంటీ ఉంది సార్’ అన్న నోటి మాటకు విలువ ఇవ్వకండి. మీ కొనుగోలు ఆ స్కీమ్ కిందికి వస్తుందా, మీ డేటాలో ఏ భాగానికి వర్తిస్తుంది అనేది తయారీదారు నుంచే కాగితం రావాలి.

ఇంతవరకూ జరిగింది లెక్కల మాయ. దీని తర్వాత బయటపడింది మాత్రం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. డీలర్‌తో విసిగి నేరుగా తయారీ కంపెనీ సపోర్ట్‌కి ఫోన్ చేశాం. సీరియల్ నంబర్ చెప్పగానే, ఆ బాక్స్ వేరే రాష్ట్రంలోని వేరే కస్టమర్ పేరు మీద రిజిస్టర్ అయి ఉంది, సపోర్ట్ గడువు అయిపోయింది అన్నారు. కొత్త బాక్స్ అని జీఎస్టీ ఇన్‌వాయిస్ ఇచ్చి, 18 శాతం పన్ను కట్టించుకుని, కొత్త అట్టపెట్టెలో పెట్టి తెచ్చి ఇచ్చింది వాడేసిన సరుకు. ఇన్‌వాయిస్‌లో ఉన్న ‘మూడేళ్ల సపోర్ట్’ తయారీదారుది కాదు, డీలర్ సొంత సపోర్ట్. వెంటనే డ్రైవ్‌ల రిపోర్ట్ తీశాం. పవర్-ఆన్ అవర్స్ వేలల్లో ఉన్నాయి. కొత్త డ్రైవ్‌కి టెస్టింగ్‌లో పట్టిన కొద్ది గంటలే ఉండాలి. కొన్నింటికి ‘పర్సెంటేజ్ యూజ్డ్’ కూడా రెండంకెల్లో ఉంది, అంటే రాతలకు ఉన్న ఆయుష్షులో అంత భాగం ఇంకెవరో వాడేశారు.

వాడిన డ్రైవ్ అయితే ఏం, నడుస్తోంది కదా అనేవాళ్లకు ఒకటి చెప్పాలి. 2019 నవంబరులో సర్వర్లు, స్టోరేజ్ తయారుచేసే హెచ్‌పీఈ ఒక హెచ్చరిక ఇచ్చింది. వాళ్ల కొన్ని ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీలు (సర్వర్లలో వాడే ఫ్లాష్ డ్రైవ్‌లు) ఫర్మ్‌వేర్‌లోని (డ్రైవ్ లోపలి సాఫ్ట్‌వేర్‌లోని) బగ్ వల్ల సరిగ్గా 32,768 గంటలు నడిచాక పనిచేయడం మానేస్తాయని, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు. డ్రైవ్ తిరిగి రాదు, అందులోని డేటా రాదు. 2020 మార్చిలో 40,000 గంటల దగ్గర ఆగిపోయే ఇంకో రకం గురించి చెప్పారు. ఒకేసారి పెట్టిన డ్రైవ్‌లన్నీ ఇంచుమించు ఒకే సమయానికి ఆ గంట దాటుతాయి, ఇక రెండు డ్రైవ్‌ల పారిటీ ఏం కాపాడుతుంది? ఆ కంపెనీ ముందే బయటపెట్టి ఫర్మ్‌వేర్ విడుదల చేసింది, అది మెచ్చుకోవాలి. కానీ సీరియల్ మన పేరు మీద లేకపోతే అలాంటి కబురు మనకు చేరదు, సరిచేసిన ఫర్మ్‌వేర్ దొరకడమూ కష్టమే. వాడిన సరుకులో అసలు ప్రమాదం ఇదే.

కొనేముందు చేయాల్సిన పని పెద్దదేం కాదు. మీ దగ్గరున్న ప్రతి రకం డేటా నుంచీ కొంచెం తీసి, ఓ వంద జీబీ అనుకోండి, మామూలుగా జిప్ చేసి చూడండి. జిప్‌లో తగ్గనిది స్టోరేజ్‌లోనూ కుదించుకుపోదు. డూప్లికేట్ల లెక్క దీంతో తెలియదు, దానికి తయారీదారుల ఎస్టిమేటర్ టూల్స్ ఉన్నాయి, అడిగితే ఇస్తారు. పీఓలో ఎఫెక్టివ్ అన్న అంకెను కొట్టేయించి, పారిటీ, స్పేర్ అన్నీ పోగా రిడక్షన్ లేకుండా మిగిలే యూజబుల్ ఎంతో రాయించండి. డీలర్ రిడక్షన్ మీద అంత నమ్మకంగా ఉంటే, తేడా వచ్చినంత మేర డ్రైవ్‌లు ఉచితంగా ఇస్తానని ఆ కింద రాయమనండి. రాయకపోతే సమాధానం దొరికినట్టే. తయారీదారు ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్, అదే ఎమ్ఏఎఫ్, మీ కంపెనీ పేరు మీద ఉందో లేదో చూడండి. సరుకు దిగిన రోజే సీరియల్ నంబర్ తయారీదారుతో సరిచూసుకోండి, అట్టపెట్టె మీద నంబర్ కాదు, బాక్స్ వెనకాల ఉన్నదీ మేనేజ్‌మెంట్ స్క్రీన్‌లో కనిపించేదీ.

వేగం సంగతి కొద్దిగా చెబుతాను. లక్షల ఐఓపీఎస్ (సెకనుకు చేసే రీడ్, రైట్ పనుల లెక్క) అని చూపించేవి సాధారణంగా 4కే రీడ్‌లు (4 కేబీ చిన్న ముక్కలు చదవడం) మాత్రమే, మన పనిలో రీడ్, రైట్ కలిసి ఉంటాయి. స్విచ్‌లు 1 గిగాబిట్ అయితే ఒక లింక్‌లో సెకనుకు 125 ఎంబీ దాటదు, దాని వెనక ఎంత మంచి ఫ్లాష్ పెట్టినా దండగే. ‘4 గంటల్లో పార్ట్ రీప్లేస్‌మెంట్’ అంటే ఆ పార్ట్ ఏ ఊళ్లో ఉందో అడగండి. హైదరాబాద్ డిపోలో ఉంటే ఇక్కడికి రోడ్డు మీద 600 కిలోమీటర్ల పైనే. చెడిపోయిన డ్రైవ్ వెనక్కి ఇవ్వకుండా మన దగ్గరే ఉంచుకునే ఆప్షన్ ఉంటుంది, ఆస్పత్రులవాళ్లు అది తప్పకుండా తీసుకోండి, పేషెంట్ల రికార్డులు బయటికి పోకూడదు.

వినియోగదారుల కమిషన్‌కి వెళ్లమని చాలామంది సలహా ఇచ్చారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వ్యాపార అవసరానికి కొన్నవాళ్లను వినియోగదారుగా లెక్కించరు, స్వయం ఉపాధి కోసం కొన్నవాళ్లకే మినహాయింపు. కంపెనీ కొన్న స్టోరేజ్‌కి అక్కడ తలుపు దాదాపు మూసే ఉంది. మనకు మిగిలేది పీఓ, ఇన్‌వాయిస్, మెయిళ్లు. మా దగ్గర ప్రపోజల్ మెయిల్ ఉంది, ఇంజనీరు మా డేటా వివరాలు రాసుకున్న షీట్ ఉంది, డ్రైవ్‌ల రిపోర్ట్ ఉంది. లాయర్ నోటీసు వీటి ఆధారంగానే వెళ్లింది. డీలర్‌తో ఫోన్‌లో ఏం మాట్లాడినా, ఆ రోజే ‘మీరు ఇలా చెప్పారు’ అని మెయిల్ పెట్టి ఉంచండి.

ఈ మధ్యే ఫ్లాష్ బాక్స్ తీసుకుని బ్యాలెన్స్ ఇంకా కట్టనివాళ్లు ఉంటే, ఈరోజే సీరియల్ నంబర్‌తో తయారీదారు సపోర్ట్‌కి ఫోన్ చేయండి, డ్రైవ్‌ల పవర్-ఆన్ అవర్స్ తీయించి చూడండి. ఆ రెండూ సరిగ్గా ఉన్నాయని రాతలో వచ్చేదాకా చెక్కు మీ డ్రాయర్‌లోనే ఉంచండి.