ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్: ఏళ్ల తరబడి విన్నాక

పంక్ అనే రాక్ సంగీతం అంటే రంగు జుట్టు, చెవులకు పిన్నులు, ఊరికే అరుపులు అనుకునేవాళ్లకు నేను ముందుగా వినిపించే ఆల్బమ్ ఇదే. స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ అనే ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ బ్యాండ్ మొదటి ఆల్బమ్, 1979 ఫిబ్రవరిలో వచ్చింది, మొత్తం 13 పాటలు. మా పెదనాన్న కొడుకు హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. అప్పటి నుంచి నల్లగొండలో మా డీటీపీ షాపులో, పెళ్లిళ్ల సీజన్‌లో అర్ధరాత్రి దాకా కార్డులు మడతపెట్టేటప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ పోయే బస్సులో, ఇది మోగుతూనే ఉంది. అందులో కొన్ని పాటలు ఇప్పుడు నాకు పెద్దగా ఎక్కవు. కొన్ని మాత్రం ఇప్పటికీ చేతిలో పని ఆపేసి వినేలా చేస్తాయి.

ముందు బెల్‌ఫాస్ట్ సంగతి తెలియాలి, లేకపోతే పాటలు సగమే అర్థమవుతాయి. 1969లో ఉత్తర ఐర్లాండ్ వీధుల్లోకి బ్రిటిష్ సైన్యం దిగింది. ఒక పక్క ఐర్లాండ్ అంతా ఒక్కటి కావాలనే సాయుధ దళం ఐఆర్ఏ, ఇంకో పక్క బ్రిటన్‌లోనే ఉండాలనే లాయలిస్ట్ సాయుధ దళాలు, మధ్యలో మామూలు జనం. 1998లో శాంతి ఒప్పందం కుదిరేదాకా మూడున్నర వేల మందికి పైగా చనిపోయారు. 1975లో మయామీ షోబ్యాండ్ అనే బృందం కచేరీ ముగించుకొని తిరిగి వెళ్తుంటే దారిలో వ్యాన్ ఆపి ముగ్గురిని చంపేశారు. ఆ తర్వాత బయటి బ్యాండ్లు అటు రావడానికే జంకేవి. అంటే బెల్‌ఫాస్ట్ పిల్లలకు పాట కావాలంటే వాళ్లే పాడుకోవాలి.

ఈ కుర్రాళ్లు మొదట డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ పాటలు వాయించేవాళ్లు, బ్యాండ్ పేరు కూడా డీప్ పర్పుల్ పాట పేరే, హైవే స్టార్. పంక్ వచ్చాక పేరు మార్చారు, వేగం పెంచారు. అసలు మలుపు మాత్రం గోర్డన్ ఓగిల్వీ అనే పత్రికా విలేఖరి పరిచయమయ్యాక వచ్చింది. మీ వీధిలో జరుగుతున్నదాని మీద ఎందుకు రాయరు అని అడిగి, తర్వాత వాళ్లతో కలిసి పాటలు రాసి, మేనేజర్ కూడా అయ్యాడు. అలా పుట్టిందే ‘సస్పెక్ట్ డివైస్’. 1978లో రిజిడ్ డిజిట్స్ అని సొంత లేబుల్, అంటే రికార్డు కంపెనీ, పెట్టుకొని దాన్ని సింగిల్‌గా, విడి పాట రికార్డుగా, వేశారు. క్యాసెట్‌లో దాచిన బాంబు బొమ్మ కవర్ మీద వేసి పంపితే, ఒక రికార్డు కంపెనీ వాళ్లు నిజం బాంబే అనుకొని నీళ్ల బకెట్‌లో పడేసి, తర్వాత ఇంకో కాపీ పంపమని ఫోన్ చేశారని చెప్తారు. బీబీసీ రేడియోలో జాన్ పీల్ అనే డీజే ఆ పాటను మళ్లీ మళ్లీ వేశాడు, దాంతో పేరు ఐర్లాండ్ దాటింది. ఒక పెద్ద కంపెనీ తీసుకుంటామని ఆశపెట్టి చివర్లో చేతులెత్తేసింది. అప్పుడు ముందుకొచ్చింది లండన్‌లో నాటింగ్ హిల్ దగ్గరి ఒక రికార్డుల షాపు, రఫ్ ట్రేడ్. షాపు పెట్టిన జెఫ్ ట్రావిస్, అమెరికన్ సంగీతకారుడు మేయో థాంప్సన్ ప్రొడ్యూసర్లుగా కేంబ్రిడ్జ్‌లోని స్పేస్‌వార్డ్ స్టూడియోలో రికార్డింగ్ జరిగింది. రఫ్ ట్రేడ్ వేసిన మొట్టమొదటి ఆల్బమ్ ఇదే.

బ్రిటన్ చార్టులో అది 14వ స్థానానికి పోయింది. పెద్ద కంపెనీలతో సంబంధం లేని ఇండిపెండెంట్ లేబుల్ ఆల్బమ్ టాప్ 20లోకి ఎక్కడం అప్పట్లో అరుదు. లక్షకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. అప్పటిదాకా చిన్న లేబుల్ అంటే ఒకటో రెండో సింగిల్స్ వేసుకునేది, ఆల్బమ్ కావాలంటే పెద్ద కంపెనీ గడప తొక్కాల్సిందే అనే లెక్క ఉండేది. ఆ లెక్కను ఈ నలుగురు, ఒక షాపు కలిసి తిరగేశారు. రఫ్ ట్రేడ్ నిలదొక్కుకుంది, సొంతంగా పంపిణీ పెంచుకుంది, 1983 నాటికి ది స్మిత్స్ లాంటి బ్యాండ్‌ను తీసుకునే స్థాయికి వచ్చింది. నేను ప్రింటింగ్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి నాకు ఈ భాగం చాలా ఇష్టం. పాట ఉండగానే సరిపోదు, దాన్ని కవర్‌లో పెట్టి, పెట్టెలకెత్తి, ఇంకో ఊరి షాపుకు చేర్చాలి. ఆ పని ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పెత్తనం.

ఇక పాటలు. నాకు అన్నిటికంటే దగ్గరైనది ‘జానీ వాజ్’. అసలు బాబ్ మార్లే పాట, కొడుకు తూటా తగిలి చనిపోతే తల్లి ఏడ్చే పాట. వీళ్లు దాన్ని బెల్‌ఫాస్ట్‌కు తెచ్చి ఎనిమిది నిమిషాలు లాగారు. మొదట్లో డ్రమ్ ఒక్కటే, సైన్యం కవాతు లాగా మోగుతుంది, తర్వాత గిటార్ తొందరపడకుండా వచ్చి చేరుతుంది. జేక్ బర్న్స్ గొంతు అప్పటికే బొంగురు, పాట సాగేకొద్దీ ఆ బొంగురే ఏడుపవుతుంది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ధూం ధాం సభల్లో అమరుల తల్లుల మీద పాటలు విని పెరిగినవాణ్ని, ఆ డప్పు ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే క్షణం నాకు బాగా తెలుసు. అందుకే ఈ పాట మా అమ్మకు వినిపించాను. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు ఆమెకు. “ఎవరో పిల్లగాడు పోయినట్టున్నడు కదరా” అంది. ఈ ఆల్బమ్‌కు అంతకన్నా మంచి రివ్యూ నేను రాయలేను.

‘వేస్టెడ్ లైఫ్’ నాకు తల మీద కొట్టినంత పని చేసింది. ఏ పక్క తుపాకీ పట్టుకోవడానికీ నేను రాను, నా బతుకు మీ హీరోయిజానికి కాదు అని ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు తన ఊళ్లో నిలబడి చెప్పడం చిన్న ధైర్యం కాదు. ‘ఆల్టర్నేటివ్ అల్స్టర్’ మొదట ఒక ఫ్యాన్‌జీన్‌తో, అంటే అభిమానులు సొంతంగా వేసుకునే చిన్న పత్రికతో పాటు ఉచితంగా ఇవ్వడానికని రాసిన పాట. ఒంటరి గిటార్ తీగ మీద మొదలై, ఒక్కసారిగా అందరూ దూకుతారు. ఊరు బాగాలేదని వదిలిపోవడం కాదు, మనకు కావలసినట్టు మార్చుకోవడం గురించి ఆ పాట. ‘బార్బ్‌డ్ వైర్ లవ్’ ముళ్లకంచె పక్కన ప్రేమ, మధ్యలో పాతకాలపు అమెరికన్ కోరస్ వచ్చి మనసు తేలిక చేస్తుంది. ‘వైట్ నాయిస్’ గురించి ముందే చెప్తున్నా, అందులో జాతిని తిట్టే మాటలు వరసగా వస్తాయి. జాతి ద్వేషాన్ని ఎండగట్టడానికే వాడారు, చివరికి ఆ తిట్టు ఐరిష్ వాళ్ల మీదికే తిరుగుతుంది. కానీ అర్థం తెలియకుండా షాపులో గట్టిగా పెట్టకండి.

తక్కువలు కూడా ఉన్నాయి. సౌండ్ పలచన, డ్రమ్స్ కొన్నిచోట్ల రేకు డబ్బా మోగినట్టుంటాయి. ‘నో మోర్ ఆఫ్ దట్’, ‘క్లోజ్డ్ గ్రూవ్’ లేకపోయినా ఆల్బమ్‌కు లోటు లేదు. అల్లర్లను అమ్ముకున్నారు, వెనక ఉండి రాయించింది విలేఖరి అనే విమర్శ కూడా పాతదే. ఉత్తర ఐర్లాండ్‌లోనే డెర్రీ నుంచి వచ్చిన ది అండర్‌టోన్స్ అనే బ్యాండ్ వాళ్లు అదే కాలంలో అమ్మాయిల మీద, కుర్రతనం మీద పాడారు, ఆ పాటలూ నాకు ప్రాణం. అయినా నేను ఈ విమర్శ ఒప్పుకోను. నీ ఊరి మీద రాయి అని ఎవరు చెప్పినా, ఆ గొంతులోని కోపం అరువు తెచ్చుకున్నది కాదు. అది రెండు నిమిషాలు వింటే తెలిసిపోతుంది. ఆల్బమ్ వచ్చాక వాళ్లు లండన్ పోయి క్రిసాలిస్ అనే పెద్ద కంపెనీలో చేరారు, 1980లో వచ్చిన రెండో ఆల్బమ్ ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది, కానీ నేను మాత్రం మళ్లీ మళ్లీ మొదటిదాని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వైపు ఫోన్‌లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పాటలు పెట్టే పిల్లలు మస్తు మంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా షాపుకు పోస్టర్ కోసం వస్తే ఈ ఆల్బమ్ పేరు కాగితం మీద రాసి ఇస్తుంటాను. వినేటప్పుడు షఫుల్ పెట్టకండి. ‘సస్పెక్ట్ డివైస్’ వెనకాలే ‘స్టేట్ ఆఫ్ ఎమర్జెన్సీ’ రావాలి, ఆ ఊపు అలాగే అందుతుంది. ఇయర్‌ఫోన్స్ కంటే స్పీకర్ నయం, అలీ మెక్‌మోర్డీ బేస్ గిటార్ అప్పుడే తెలుస్తుంది. పంక్ ఎప్పుడూ వినని, జానపదం అలవాటున్న వాళ్లయితే నేరుగా ‘జానీ వాజ్’తో మొదలుపెట్టి, తర్వాత మొదటి పాటకు వెళ్లండి.